అతి చిన్న కోతులు నిజంగా ‘పాత’ కోతులేనా? డీఎన్ఏ ఏం చెబుతోంది?

సిద్ధవటం_అమ్మ
మా పాప తొమ్మిదో తరగతి. పోయిన వారం స్కూళ్ల మధ్య జరిగిన క్విజ్‌లో రెండు ప్రశ్నలకు మార్కులు పోయాయి, ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు. మొదటి ప్రశ్న: కోతులన్నిట్లోకి ఆదిమమైనవి ఏవి? వాళ్ల దగ్గరున్న జవాబు మార్మోసెట్లు. చిన్నగా ఉన్నంత మాత్రాన పాతవి కావు, డీఎన్ఏ చూస్తే పెద్ద కోతుల నుంచే అవి తర్వాత చిన్నవయ్యాయని తెలుస్తుంది అని మా పాప చెప్పింది. తప్పన్నారు. రెండోది: మన జిల్లాలో కనిపించే అతి చిన్న కోతి ఏది? జవాబు దేవాంగపిల్లి అట. దేవాంగపిల్లి కోతే కాదు కదా అంటే, గైడులో అలాగే ఉందన్నారు.

నేను చదివింది బీకాం. పాప ఎక్కడో చదివి చెప్పింది, నిజమో కాదో నాకు తెలియదు. ఆ మార్కులు ఎలాగూ తిరిగి రావు. కానీ తను చెప్పింది సరైనదైతే, నువ్వు చెప్పిందే నిజం అని గట్టిగా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

వేరుశనగ_చేను
మార్మోసెట్ అంటే ఏంది అక్కా? నేను డిగ్రీ బీఎస్సీ, మా సిలబస్‌లో పేరు తప్ప బొమ్మ కూడా లేదు.

పొద్దుటూరు_ల్యాబ్
దక్షిణ అమెరికా కోతులు. ఉడుత కంటే కాస్త పెద్దవి. వాటిలో పిగ్మీ మార్మోసెట్ ప్రపంచంలోనే అతి చిన్న కోతి, 120 గ్రాములు ఉంటుందేమో. అరచేతిలో పడుతుంది. వీటి దగ్గరి చుట్టాలు టామరిన్లు. అక్కా, పాప చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. రాత్రికి వివరంగా రాస్తాను, ఇప్పుడు పీసీఆర్ (డీఎన్ఏకు ఎక్కువ నకళ్లు తీసే పని) పెట్టి వచ్చాను.

పాత_బయాలజీ_మాస్టారు
అమ్మా, ఆ జవాబు గైడువాళ్లు సొంతంగా పుట్టించింది కాదు. కర్నూలులో నేను పిల్లలకు పాతికేళ్లు అదే చెప్పాను. ఆనాటి పుస్తకాల్లో అలాగే ఉండేది. ఎందుకలా అనుకున్నారో చెబుతాను.

మన కోతులకు, మనకు చదునైన గోళ్లుంటాయి. మార్మోసెట్లకు పిల్లికి ఉన్నట్టు పంజా గోళ్లు. ఒళ్లు చిన్నది, మెదడూ చిన్నది. పరిణామంలో తొలి ప్రైమేట్లు (కోతులు, లీమర్లు, మనుషులు అందరూ ఉన్న పెద్ద గుంపు) చిన్నవే కాబట్టి, ఇవి ఆ పాత రూపాన్నే నిలుపుకున్నాయని పెద్ద పెద్ద పండితులే నమ్మారు. హెర్ష్‌కోవిట్జ్ అనే ఆయన 1977లో దక్షిణ అమెరికా కోతుల మీద వెయ్యి పేజీలు దాటిన గ్రంథం వేశారు. అందులోనూ చిన్న కోతులు ముందు, పెద్దవి తర్వాత అన్న వరసే. ఆ ప్రభావం మా తరం మీద చాలా ఉంది.

కానీ ఒక సంగతి అప్పుడే గమనించి ఉండాల్సింది. మార్మోసెట్ కాలి బొటనవేలికి మాత్రం మనలాగే చదునైన గోరు ఉంటుంది. మిగతా వేళ్లకే పంజాలు. వాటి పూర్వీకులకు ముందు గోళ్లే ఉండి, తర్వాత అవి పంజాలుగా మారాయనడానికి అది గుర్తు. చెట్టు మొద్దును అంటిపెట్టుకుని, బెరడును పళ్లతో గీరి బంక తింటాయి అవి. మన దగ్గర తుమ్మబంక కారుతుంది చూడండి, అలాంటిదే. నిటారు మొద్దును పట్టుకోవడానికి చిన్న ఒళ్లు, పంజా గోరు రెండూ పనికొస్తాయి.

హంద్రీ_వంతెన
గోరు చూసి ఒకరు ఒక మాట, పన్ను చూసి ఇంకొకరు ఇంకో మాట. రేపు డీఎన్ఏ చూసి మరో మాట. దీంట్లో ఏది నమ్మాలి సార్? వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా.

కదిరి_మల్లెలు
సిద్ధవటం అక్కా, మీ పాపకు నా ముద్దులు. జడ్జీల ముందు నిలబడి కాదు అని చెప్పిందంటే అదే గొప్ప.

పొద్దుటూరు_ల్యాబ్
వచ్చాను. ముందు వరస చెబుతాను.

దక్షిణ అమెరికా కోతుల వంశం, మన ఆసియా ఆఫ్రికా కోతుల వంశం విడిపోయి నాలుగు కోట్ల ఏళ్లు దాటింది. అక్కడికి వెళ్లాక వాటిలో బోలెడు శాఖలు వచ్చాయి. 1993లో బ్రెజిల్‌కు చెందిన హొరాసియో ష్నైడర్, అమెరికాలోని మోరిస్ గుడ్‌మన్ బృందం కలిసి ఎప్సిలాన్ గ్లోబిన్ అనే ఒక జన్యువును ఈ కోతులన్నిట్లో చదివారు. గ్లోబిన్ అంటే రక్తంలో హిమోగ్లోబిన్‌కు సంబంధించిందే. మార్మోసెట్లే పాతవైతే వంశవృక్షంలో అన్నిటికంటే ముందు అవే విడిపోవాలి. అలా రాలేదు. కపూచిన్ కోతులు, స్క్విరల్ మంకీలు, రాత్రి తిరిగే గుడ్లగూబ కోతులు ఉన్న గుంపులో, ఆ కొమ్మల మధ్యలో వచ్చి కూర్చున్నాయి. కపూచిన్ అంటే మూడు కిలోలు తూగే కోతి. స్క్విరల్ మంకీ కిలో లోపు. చుట్టాలంతా పెద్దవాళ్లే, వీటి ఒళ్లే తగ్గుతూ వచ్చింది.

ఒక్క జన్యువుతో ఆగలేదు. 2011లో 186 ప్రైమేట్ల నుంచి 54 జన్యు భాగాలు తీసి చూశారు. 2023లో 233 జాతుల పూర్తి జీనోములు, అంటే మొత్తం డీఎన్ఏ చదివారు, 809 జంతువులవి. ఆ పనిలో మన హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లూ ఉన్నారు. ఎన్నిసార్లు చూసినా మార్మోసెట్లు ఆ గుంపులోనే ఉన్నాయి.

హంద్రీ_వంతెన
సరే. కానీ పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఎలా అవుతుంది? డీఎన్ఏలో నాలుగే అక్షరాలు అంటారు. నాలుగు అక్షరాల్లో యాదృచ్ఛికంగా కలిసేవి బోలెడు ఉంటాయి కదా.

పాత_బయాలజీ_మాస్టారు
మంచి ప్రశ్న. దీనికి జవాబు కడపలోనే ఉంది.

బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలు పరిష్కరించాడు కదా. ఒకే పద్యానికి పది ఊళ్ల నుంచి పది ప్రతులు. ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. రాసినవాళ్లు ఒకచోట అక్షరం వదిలేస్తారు, ఇంకోచోట పాదమే తారుమారు చేస్తారు. ఏ ప్రతి చూసి ఏ ప్రతి రాశారో కనిపెట్టాలంటే ఏం చూడాలి? సరిగ్గా ఉన్న అక్షరాలు చూస్తే ఏమీ తెలియదు, అవి అన్నిట్లోనూ ఉంటాయి. తప్పులు చూడాలి. మూడు ప్రతుల్లో ఒకేచోట ఒకే వింత తప్పు ఉంటే, ఆ మూడింటికీ మూలం ఒకటే ప్రతి. ఆ తప్పు మొదట దాంట్లో పడింది, వీళ్లు దాన్నే దించారు.

డీఎన్ఏ కూడా తరతరాలుగా నకలు తీసుకుంటూ వచ్చిన ప్రతే. ఒక్క తప్పు యాదృచ్ఛికంగా రెండుచోట్ల పడవచ్చు, మీరన్నది నిజం. అందుకే వేల అక్షరాలు చూస్తారు. వేలకొద్దీ తప్పులు ఒకే వరసలో కలవడం యాదృచ్ఛికం కాదు. చిన్న ఒళ్లు, పంజా గోరు లాంటివి నమ్మి మేము చేసిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. తర్వాత పడిన తప్పునే మూలంలోని అక్షరం అనుకున్నాం.

బేతంచెర్ల_బండ
సార్, ఇది మా పిల్లోడికి చదివి వినిపించినా. బ్రౌన్ లైబ్రరీకి తీసుకుపొమ్మంటున్నాడు.

పొద్దుటూరు_ల్యాబ్
మాస్టారి ప్రతుల లెక్కకు ఇంకో సాక్ష్యం చేరుస్తాను. ఆలూ అనే చిన్న డీఎన్ఏ ముక్కలుంటాయి. అవి తమను తాము నకలు తీసుకుని జీనోములో ఎక్కడో ఒకచోట దూరిపోతాయి. కోట్ల అక్షరాల్లో సరిగ్గా అదే అక్షరం పక్కన, అదే ముక్క, రెండు కోతుల్లో విడివిడిగా దూరడం దాదాపు జరగదు. ఒకసారి దూరితే బయటికి రావడమూ చాలా అరుదు. ఇద్దరి చేతి మీద ఒకేచోట ఒకే పచ్చబొట్టు ఉన్నట్టు. దక్షిణ అమెరికా కోతుల కొమ్మలను ఈ ముక్కలతో కూడా సరిచూశారు. అక్షరాల లెక్క, ఆలూ లెక్క చాలావరకు ఒకే మాట చెప్పాయి.

హంద్రీ అన్నా, మీ ప్రశ్నకు ఆలూ చాలా బలమైన జవాబు.

హంద్రీ_వంతెన
ఇది నచ్చింది తమ్ముడూ. పచ్చబొట్టు మాట అర్థమైంది. ‘చాలావరకు’ అన్నావు, మిగతాది కూడా చెప్పు.

పొద్దుటూరు_ల్యాబ్
చెబుతాను. దానికంటే ముందు గోయెల్డీ కోతి సంగతి. నాకు ఈ మొత్తం కథలో అదే ఇష్టం.

మార్మోసెట్లు, టామరిన్లు మామూలుగా కవలల్నే కంటాయి. దవడకు మూడో దవడపన్ను ఉండదు. వీటి మధ్యే గోయెల్డీ కోతి అని నల్లటిది ఒకటుంది. పంజా గోళ్లున్నాయి, ఒళ్లూ చిన్నదే, కానీ ఒక్క పిల్లనే కంటుంది, మూడో దవడపన్నూ ఉంది. ఎముకలు చూసినవాళ్లంతా దీన్ని గుంపు గడప దగ్గర నిలబెట్టారు. ముందే విడిపోయింది, అందుకే పాత లక్షణాలు మిగిలాయి అని. కొందరు దానికి వేరే కుటుంబమే పెట్టారు.

డీఎన్ఏ చదివితే అది గడప దగ్గర లేదు, లోపలి గదిలో ఉంది. మార్మోసెట్లకు టామరిన్ల కంటే దగ్గరి చుట్టం. అంటే కవలల్ని కనే వంశంలోనే పుట్టి, తిరిగి ఒక్క పిల్లకు వచ్చేసిందన్నమాట. ఇది మొదట ఎవరికీ మింగుడు పడలేదు. 2014లో ఒక జన్యువు దొరికింది, పేరు డబ్ల్యూఎఫ్ఐకేకేఎన్1. కవలల్ని కనే ఈ చిన్న కోతులన్నిట్లో దాంట్లో ఒకే మార్పు ఉంది, మిగతా ప్రైమేట్లలో లేదు. గోయెల్డీ కోతిలో మాత్రం ఒక అక్షరం వెనక్కి మారి పాత రూపానికి వచ్చేసింది. మాస్టారి మాటల్లో చెప్పాలంటే, తప్పున్న ప్రతిని దించుకుంటూ మధ్యలో ఒకరు ఆ అక్షరాన్ని దిద్దినట్టు. కవలలు పుట్టడానికి ఆ ఒక్క జన్యువే కారణమని ఎవరూ అనలేదు. కానీ కథ కలుస్తోంది.

పాత_బయాలజీ_మాస్టారు
ఇది నాకు కొత్త. నలభై ఏళ్ల కిందట తెలిసి ఉంటే క్లాసులో ఒక గంట దీని గురించే చెప్పేవాణ్ని.

కదిరి_మల్లెలు
నాకు కవలలు. అందుకే అడుగుతున్నా. అంత చిన్న ప్రాణి ఎప్పుడూ ఇద్దరిని కంటే ఎలా సాకుతుంది?

పొద్దుటూరు_ల్యాబ్
నాన్న మోస్తాడు అక్కా. అన్నలు, అక్కలు కూడా. పాలు తాగేటప్పుడు మాత్రం అమ్మ దగ్గరికి పోతాయి, మిగతా సమయం నాన్న వీపు మీదే.

కదిరి_మల్లెలు
ఈ పోస్టు మా ఇంటాయనకు పంపించేశాను.

సిద్ధవటం_అమ్మ
పాప పక్కనే కూర్చుని చదువుతోంది. ఒక ప్రశ్న అడగమంటోంది. కవలలైతే ఒకరి డీఎన్ఏ ఇంకొకరిలో కలిసిపోదా? ఎక్కడో విన్నదట.

పొద్దుటూరు_ల్యాబ్
ఈ పాపను మా ల్యాబుకు పంపించండి అక్కా, నిజంగా.

కలుస్తుంది. మార్మోసెట్ కవలలకు కడుపులో ఉన్నప్పుడే మాయలోని రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఒకరి రక్తకణాలు ఇంకొకరిలోకి వెళ్లి జీవితాంతం ఉండిపోతాయి. ఒక మార్మోసెట్ రక్తం తీసి డీఎన్ఏ చదివితే అందులో దానిదీ ఉంటుంది, దాని కవలదీ ఉంటుంది. 2007లో ఒక బృందం ఈ కలయిక వీర్యకణాల దాకా ఉందని చెప్పింది. అంటే ఒక మార్మోసెట్ తన తమ్ముడి డీఎన్ఏతో పిల్లల్ని కనగలదని. ఈమధ్య కణాలను ఒక్కొక్కటిగా విడదీసి చదివినప్పుడు రక్తం నుంచి పుట్టే కణాల్లోనే, మెదడులో ఉండే అలాంటి కణాలతో సహా, తోబుట్టువుది కనిపించింది. మిగతా కణాలు సొంతవే. వెంట్రుకలో, చర్మంలో కనిపించిందంటే వాటిలోకి చేరిన రక్తకణాల వల్లే అయి ఉంటుంది.

హంద్రీ_వంతెన
చూశారా. అదే నేననేది. డీఎన్ఏ కూడా మోసం చేస్తుంది.

పొద్దుటూరు_ల్యాబ్
అన్నా, ఏ ప్రశ్నకు ఏ నమూనా అన్నదే ముఖ్యం. ఈ పిల్లకు తండ్రి ఎవరు అని అడిగితే రక్తం తీయకూడదు, తప్పుదారి పట్టిస్తుంది. మార్మోసెట్లు కపూచిన్లకు చుట్టాలా అని అడిగితే ఏ ఇబ్బందీ లేదు. కవలలిద్దరూ ఒకే జాతి, ఇద్దరూ ఒకే జవాబు చెబుతారు.

మోసపోవడం గురించి నా అనుభవమే చెబుతాను. నేను మొదట పనిచేసిన చోట కోతి పెంటికలు ఏరుకొచ్చి డీఎన్ఏ తీసేవాళ్లం. అడవిలో కోతిని పట్టుకోకుండా చేసే పద్ధతి అదే, ప్రాణికి హాని లేదు. సీసీఎంబీ వాళ్లు 2003లో ప్రకటించిన ప్రైమర్లు (చదవాల్సిన చోటును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఉన్నాయి, సైటోక్రోమ్ బి జన్యువు మీద పనిచేస్తాయి, దాదాపు ఏ జంతువుకైనా పట్టుకుంటాయి. అదే వరం, అదే ప్రమాదం. మూడు నెలల నమూనాలు చదివించి చూస్తే పదకొండింటిలో వచ్చింది మనిషి డీఎన్ఏ. గ్లవ్స్ లేకుండా ఎవరో ముట్టుకున్నారు. ఆ పదకొండూ పారేసి మళ్లీ అడవికి పోయాం. ఆ నెల నాకు నిద్ర లేదు.

ఇంకో చిక్కు, మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే భాగం) డీఎన్ఏ ముక్కలు ఎప్పుడో కణకేంద్రకంలోకి దూరి అక్కడ పాత నకలుగా మిగిలిపోతాయి. అసలు బదులు దాన్ని చదివితే వంశవృక్షం వంకరపోతుంది. అందుకే ఒకే జన్యువుతో తీర్పు చెప్పే పేపర్లు నేను రెండుసార్లు చదువుతాను.

వేరుశనగ_చేను
అన్నా ‘చాలావరకు’ సంగతి మర్చిపోయావు.

పొద్దుటూరు_ల్యాబ్
మర్చిపోలేదు. గుడ్లగూబ కోతులు ఎక్కడ కూర్చుంటాయన్నది ఇంకా గట్టిగా తేలలేదు. కొన్ని జన్యువులు వాటిని మార్మోసెట్లకు దగ్గర చేస్తాయి, కొన్ని కపూచిన్లకు. కారణం, ఆ మూడు కొమ్మలూ సుమారు రెండు కోట్ల ఏళ్ల కిందట చాలా తక్కువ వ్యవధిలో విడిపోయాయి.

మా ఇంటి లెక్కలో చెబుతా. అవ్వకు పగడాల దండలు కొన్ని, గుండ్ల దండలు కొన్ని ఉన్నాయి, అన్నీ ఒకే పెట్టెలో. ముందు పెద్దోడు వేరుపడ్డాడు, చేతికందిన దండ తీసుకుపోయాడు. మిగతా ఇద్దరూ ఇంకో ఏడాది కలిసి ఉండి విడిపోయారు, వాళ్లూ చేతికందింది తీసుకున్నారు. పెద్దోడికి, చిన్నోడికి పగడాలు వచ్చాయి, నడిపోడికి గుండ్లు. యాభై ఏళ్లకు దండలు మాత్రమే చూసినవాడు ఏమంటాడు? పెద్దోడూ చిన్నోడూ ఎక్కువకాలం కలిసి ఉన్నారంటాడు. అది తప్పు. ఒక్క నగ కాదు, పెట్టెలోవన్నీ ఎటు పోయాయో లెక్కేస్తేనే నిజం దగ్గరికి వస్తాం. విడిపోయే మధ్య కాలం తక్కువైతే అప్పటికీ కష్టమే.

హంద్రీ_వంతెన
తెలియంది తెలియలేదని చెప్పావు. ఇప్పుడు మిగతాది నమ్ముతా.

నల్లమల_గాలి
మార్మోసెట్లు నేను చూడలేదు. దేవాంగపిల్లిని చూసినా. ఆత్మకూరు వైపు మా ఊర్లో ఏడేళ్ల కిందట రాత్రి కంచెలో చిక్కుకుంది. రెండు పెద్ద కండ్లు, పుల్లల్లాంటి కాళ్లు. ఊర్లో కొంతమంది దయ్యం అన్నారు, కొంతమంది మందుకు పనికొస్తుంది, బేరం పెడదామన్నారు. మా నాయన ఒప్పుకోలేదు. తువ్వాలులో చుట్టి తీసుకుపోయి చింతతోపులో వదిలినాం. ఎంత నెమ్మదిగా నడిచిందంటే కొమ్మ చివరికి పోవడానికి మాకు ఒక బీడీ అయిపోయింది. దాన్ని పట్టుకోవడం, అమ్మడం పెద్ద నేరం, 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది. చాలామందికి తెలియదు.

అది కోతి కాదంటే మరి ఏమిటి? ముఖం కోతిలా కాదు గానీ చేతులు మాత్రం మనిషివే.

పొద్దుటూరు_ల్యాబ్
మీ నాయనకు దండాలన్నా.

ప్రైమేటే, కోతి కాదు. ప్రైమేట్లలో రెండు పెద్ద ఇళ్లు. ఒక ఇంట్లో లోరిస్‌లు, మడగాస్కర్ లీమర్లు. రెండో ఇంట్లో టార్సియర్లు, కోతులు, చింపాంజీ లాంటి తోకలేని వానరాలు, మనం. దేవాంగపిల్లి లోరిస్, మొదటి ఇంటిది. డీఎన్ఏలో దీనికి చక్కటి గుర్తు ఒకటుంది. విటమిన్ సి తయారుచేసే జన్యువు రెండో ఇంట్లో అందరికీ చెడిపోయింది. మనం, గుడి దగ్గర కొబ్బరిచిప్ప లాక్కునే కోతి, అమెజాన్ మార్మోసెట్, అందరం పండ్ల మీద, ఉసిరికాయల మీద ఆధారపడాల్సిందే. లోరిస్‌లు, లీమర్లు ఇప్పటికీ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. ఒకేచోట పడిన ఒకే తప్పు, మళ్లీ మాస్టారి మాటే.

కాబట్టి పాపకు పోయిన రెండో మార్కు కూడా పాపదే.

సిద్ధవటం_అమ్మ
ఎగిరి గంతేసింది ఇక్కడ.

బేతంచెర్ల_బండ
దేవాంగపిల్లి మాట వచ్చింది కాబట్టి. మా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ తవ్వించి బస్తాలకొద్దీ ఎముకలు తీశాడు. వాటిని పరిశీలించి 1886లో రాసింది రిచర్డ్ లిడెక్కర్. కొండముచ్చు ఎముకలు కూడా ఉన్నాయని రాశాడు. మన బూడిదరంగు దేవాంగపిల్లికి 1908లో పెట్టిన శాస్త్రీయ నామం లోరిస్ లిడెక్కరియానస్. ఆ లిడెక్కర్ పేరే. మన గుహల ఎముకలు చదివిన మనిషి పేరు మన అడవిలోని ప్రాణికి ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. గుహల చుట్టూ ఇప్పుడు క్వారీలు. పోయినసారి పోతే లోపల సీసాలు, పేర్లు చెక్కిన గోడలు. బాధేసింది.

నా ప్రశ్న, ఆ ఎముకల నుంచి డీఎన్ఏ తీయవచ్చా?

పొద్దుటూరు_ల్యాబ్
ఆశ తక్కువ అన్నా. డీఎన్ఏకు వేడి శత్రువు. సైబీరియా మంచులో లక్షల ఏళ్లు నిలుస్తుంది, కర్నూలు ఎండలో తొందరగా ముక్కలైపోతుంది. బిల్లసర్గం పొరలు రెండు లక్షల ఏళ్ల దాకా వెళ్తాయని 2014లో పేపర్ వచ్చింది. అంత పాతవాటిలో కష్టం. పై పొరల్లోని కొత్త ఎముకల్లో ప్రయత్నించవచ్చు.

వేడి దేశంలో అసలు దొరకదని కాదు. జమైకా గుహల్లో జెనోథ్రిక్స్ అనే అంతరించిన కోతి ఎముకలున్నాయి. అది ఏ కోతికీ పోలికలేని వింత ఆకారం, చాలా ఏళ్లు పండితులు కొట్టుకున్నారు. 2018లో దాని డీఎన్ఏ చదివితే దక్షిణ అమెరికా టీటీ కోతుల వంశమని తేలింది. సుమారు కోటి ఏళ్ల కిందట సముద్రం మీద కొట్టుకొచ్చి, దీవిలో చిక్కుకుని, రూపమే మారిపోయింది.

పాత_బయాలజీ_మాస్టారు
బండ గారూ, గుహల సంగతి విడిగా ఒక చర్చ పెట్టండి. నేను 1983లో పిల్లలను తీసుకెళ్లినప్పటి ఫోటోలు ఉన్నాయి, వేస్తాను.

వేరుశనగ_చేను
మార్మోసెట్‌ను ఇంట్లో పెంచుకోవచ్చా? ఇన్‌స్టాలో అమ్ముతున్నారు.

నల్లమల_గాలి
వద్దు తమ్ముడూ. కవలలతో, అమ్మానాయనలతో గుంపుగా బతికే ప్రాణిని డబ్బాలో పెట్టి అమ్ముతున్నారంటే ఎక్కడి నుంచి తెచ్చుంటారో ఆలోచించు.

వేరుశనగ_చేను
నిజమే అన్నా. ఆ పేజీని రిపోర్ట్ కొట్టినా.

పొద్దుటూరు_ల్యాబ్
పాప కోసం ఇంకొక్కటి. పిగ్మీ మార్మోసెట్ ఒకే జాతి అనుకునేవాళ్లు. 2018లో డీఎన్ఏ చూస్తే రెండు జాతులు, విడిపోయి ఇరవై లక్షల ఏళ్లు దాటింది. కంటికి తేడా పెద్దగా తెలియదు. 2021లో బ్రెజిల్‌లో ఒక కొత్త మార్మోసెట్‌కు పేరు పెట్టారు, మీకో ష్నైడరీ. 1993లో ఆ జన్యువు చదివిన హొరాసియో ష్నైడర్ పేరే. ఆయన 2018లో చనిపోయారు.

సిద్ధవటం_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. పాప డ్రాయింగ్ షీట్ మీద చెట్టు గీసింది, గుడ్లగూబ కోతి దగ్గర కొమ్మను చుక్కల గీతతో వదిలేసింది. సోమవారం సైన్స్ టీచర్‌కు చూపిస్తుందట. నల్లమల అన్నా, తనకు దేవాంగపిల్లిని చూడాలని ఉంది. సిద్ధవటం చుట్టుపక్కల కనిపిస్తుందా?

నల్లమల_గాలి
లంకమల వైపు ఉండొచ్చమ్మా. ఫారెస్టు వాళ్లను అడిగి, వాళ్లతోనే పోండి. చీకటి పడ్డాక గంట ఆగి పోవాల. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, తెల్ల లైటు దాని కండ్లకు మంచిది కాదు. నింపాదిగా కొమ్మల్లో వెతికితే రెండు కండ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి. మాట్లాడొద్దు.

సిద్ధవటం_అమ్మ
ఎర్ర కాగితం ఇప్పుడే తెప్పించింది వాళ్ల నాన్నతో.